గుంజా తాడూ

ఆ కాలేజీలో లెక్కల పాఠాలూ, అడ్మిషన్లూ, టీసీలూ అన్నీ ప్రభాకర్ సార్ నెత్తిమీదే.

అందుకే ఎవరు కాగితం పట్టుకొచ్చినా తలెత్తకుండా ఎర్ర పెన్నుతో 'రేపు రండి' అని గీకి పంపేస్తాడు.

ఆ రోజు మాత్రం ఆయన ధ్యాసంతా గుమ్మం మీదే ఉంది. జనగామ నుంచి తనిఖీ ఆఫీసర్ వస్తాడట. చెప్పాపెట్టకుండా, మామూలు మనిషిలా క్లాసులో కూర్చుంటాడట. పాఠం నచ్చకపోతే మెమో చేతిలో పెట్టి పోతాడట.

వృత్త సమీకరణం నుంచి కేంద్రం, వ్యాసార్థం కనుక్కోవడం అని పాఠం ఎత్తుకున్నాడో లేదో, గుమ్మంలో ఓ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు.

"సార్, జర కాయితం పని మీద..."

"కాయితాలన్నీ తయారున్నయ్ సార్! క్లాసైనంక చూద్దురు. కూసోండ్రి, కూసోండ్రి."

ప్రభాకర్ తన కుర్చీనే లాగి వేశాడు. ఆ మనిషి బిత్తరపోయి అంచుమీద కూర్చున్నాడు.

మొదటి బెంచీలో జమున అతన్ని చూసి తల వంచేసుకుంది. పాపం, పిల్లలకూ భయమే అనుకున్నాడు ప్రభాకర్.

బోర్డు మీద రాశాడు: x² + y² − 6x + 4y − 12 = 0.

"x, y పక్కనున్న అంకెల్ని సగం చేసి గుర్తు మార్చుండ్రి. కేంద్రం (3, −2). వాటి వర్గాలు కలిపి, చివరున్న మైనస్ పన్నెండు తీసేస్తే ఇరవై ఐదు. వర్గమూలం ఐదు. అదే వ్యాసార్థం."

పదేళ్లుగా ఇదే పాట. పిల్లలు రాసుకున్నారు. ప్రభాకర్ కుర్చీలోని మనిషి వైపు తిరిగాడు.

"మీరేమన్నా అడుగుండ్రి సార్."

"నేనా? నాకేం సమజ్ గాలే సార్. ఏం తెల్వనోనికి చెప్పినట్టు చెప్పుండ్రి."

ఇదీ ఒక పరీక్షే అనుకుని ప్రభాకర్ చెమట తుడుచుకున్నాడు. బోర్డు మీద గుండ్రంగా గీత గీశాడు.

"గీ గీత మీద యాడ చూసినా, నడిమి నుంచి ఒకటే దూరం సార్. నడిమి మనకు చూపియ్యరు. గీతనే ఇస్తరు. నడిమి ఏడుందో, దూరమెంతో మనం పట్టాలె."

ఆ మనిషి వేలితో గాల్లో సున్నా చుట్టాడు.

"బర్రెను కట్టేసినట్టా సార్? అది గుండ్రంగ మేసిన జాగ చూస్తే గుంజ ఏడ పాతిండ్రో, తాడెంతనో తెలుస్తది."

క్లాసంతా గొల్లుమంది. ప్రభాకర్ నవ్వలేదు. పదేళ్లలో తాను ఒక్కసారీ ఇంత సులువుగా చెప్పలేదని సిగ్గుపడ్డాడు.

"గంతే సార్. కేంద్రం గుంజ, వ్యాసార్థం తాడు."

"మరి పిల్లలకు వస్తదా?"

"ఎవరినన్నా పిలువుండ్రి సార్."

అతని వేలు జమున వైపు చూపింది.

ప్రభాకర్ మెలిక లెక్కే ఇచ్చాడు: 2x² + 2y² − 8x − 12y − 6 = 0.

జమున లేచొచ్చి సుద్దముక్క అందుకుంది.

"ముందుగాల అంతా రెండుతోని భాగించాలె సార్. లేకుంటే గుంజ తప్పుతది." చకచకా రాసింది. "గుంజ (2, 3) కాడ. తాడు నాలుగు."

"ఒప్పేనా సార్?" ఆ మనిషి కుర్చీలో ముందుకు వంగాడు.

"నూటికి నూరు! ఇంజనీరింగ్ సీటు కొట్టే పిల్ల సార్."

అతను లేచాడు. ఫైలులోంచి మడిచిన కాగితం తీసి ప్రభాకర్ చేతిలో పెట్టాడు.

"గిది ఇగ అక్కర లేదు సార్. చింపేయుండ్రి."

మెమో తప్పిందని ప్రభాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. గేటు దాకా సాగనంపి, రెండు చేతులా దండం పెట్టాడు.

తిరిగొస్తుంటే ప్రిన్సిపాల్ కమల మేడం ఎదురైంది.

"ఆఫీసర్ ఇయ్యాల రాడట ప్రభాకర్. మహబూబాబాద్ పోయిండట."

ప్రభాకర్ మెల్లగా మడత విప్పాడు.

'పని కోసం పట్నం వలస పోతున్నందున నా బిడ్డ జమున చదువు మాన్పిస్తున్నాను, టీసీ ఇప్పించగలరు' అన్న దరఖాస్తు కింద తండ్రి హీర్యా వేలిముద్ర ఉంది, దాని పక్కనే, ఆ మనిషి ముఖమైనా చూడకుండా తాను ఎర్ర సిరాతో రెండుసార్లు రాసిన 'రేపు రండి' ఉంది.