పాలకేంద్రంలో మాటల పెట్టె

ఊరూరా పాలకేంద్రాల్లో మనసు విప్పి చెప్పుకుంటే విని, బదులు పలికే యంత్రప్పెట్టెలు వెలిశాయి. పాలు పోసేవాళ్లు వారానికోసారి దాని ముందు కూర్చోవాల్సిందే. వరహాలమ్మకు దాని మీద గురి కుదరలేదు. మూడు వారాలు గేదె ఈనిన కబుర్లే చెప్పింది. నాలుగోసారి పరీక్ష పెట్టింది.

"మా ఆడబడుచు పాలల్లో నీళ్లు కలుపుతాది."

అది పచ్చి అబద్ధం. పెట్టె నోరు జారితే మర్నాడే కేంద్రంవాళ్లు ఆడబడుచు పాలక్యాను పక్కన పెట్టేస్తారు. వారమంతా కాపు కాసింది. ఆడబడుచును ఎవరూ ఏమీ అడగలేదు.

ఐదోసారి పెట్టె ఉన్న గది తలుపు గడియ రెండుసార్లు లాగి చూసి కూర్చుంది.

"ఏం చెయ్యాలో నువ్వు చెప్తావేటి?"

"చెప్పనమ్మా. మీకు దారి కనబడేదాకా వింటాను."

"అంతేనేటి? దానికింత పెట్టెందుకో."

గోడకేసి చూస్తూ అంది: "మా ఆయన పోయిన్రోజు నాకు ఏడుపు రాలేదు. కడుపు నిండా అన్నం తిన్నాను."