పదో మనిషి

"తొమ్మిదిమందే ఉన్నారు సిస్టర్. పదిమంది లేనిదే సీసా మూత తియ్యను," అంది టీకాలు వేసే అమ్మాయి.

ఒక్కో సీసాలో మందు పదిమందికి వస్తుంది. తెరిచిన నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి. అందుకని పది కుర్చీలూ నిండితే గాని సీసా తెరవరు. అది ఆ ఆసుపత్రి పద్ధతి.

"నిన్న పదిమందిమని చెప్పారుగా?" అన్నాడు అంబులెన్సు డ్రైవరు.

"పొద్దున ఒకరు తప్పుకున్నారు," అంది పెద్ద సిస్టర్. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుంది.

"ఎవరండీ ఆ వీరుడు?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. పోయిన నెల జ్వరాల వార్డు ఆయా ఒకామె అదే జ్వరం పట్టుకుని పోయింది. జ్వరమంటే భయం. ఈ కొత్త సూదన్నా భయమే. ఎక్కడో ఎవరో వేసుకున్న పది నిమిషాలకే పడిపోయారని పొద్దుటి నుంచీ ప్రతి నోటా అదే మాట.

చివరి కుర్చీలో ఇంకో ఆయా చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. పోయినామె మంచాలన్నీ ఇప్పుడు ఈమే చూస్తోంది.

"ఇవాళ తప్పితే మళ్ళీ వారం దాకా మందు రాదంటున్నారు. ఇంకో వారం ఆ వార్డులో ఎట్లా తిరిగేది సిస్టరమ్మా?"

పెద్ద సిస్టర్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయింది. "కూర్చో. పదో మనిషిని నేను తెస్తాను," అని గబగబా బయటికి నడిచింది.

మందుల గదిలో అడిగింది. "మా ఆవిడ వద్దంది," అన్నాడు మందులిచ్చే ఆయన. వంటగదిలో అడిగింది. "మధ్యాహ్నం చూద్దాం," అని గరిటె తిప్పుతూ మొహం తిప్పుకున్నాడు వంటమనిషి. సిస్టర్ గబగబా మెట్లు దిగింది. గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది.

లాండ్రీలో ఆవిరి కమ్ముకుని ఉంది. లాండ్రీ అక్క జ్వరాల వార్డు దుప్పట్లను కర్రతో ఎత్తి మరిగే నీళ్ళలో వేస్తోంది.

"అక్కా, ఒక్క మనిషి తక్కువైంది. నువ్వొస్తే తొమ్మిదిమందికి అందుతుంది."

"నన్నొదిలెయ్యండి సిస్టరమ్మా. నా పిల్లకి నేను తప్ప దిక్కులేదు. నాకేమన్నా అయితే?"

"ఈ దుప్పట్ల వల్ల ఏమన్నా అయితే?"

అక్క కర్ర దించింది. "అదీ భయమే. ఇదీ భయమే. మీకేం తెలుస్తుంది, సూదులతోనే పుట్టారు మీరు."

పెద్ద సిస్టర్ తడి బల్ల మీదే కూలబడింది. "తెలుసక్కా. పడుకుంటే చెయ్యి బరువెక్కినట్టు ఉంటుంది. కన్ను మూస్తే పిల్లలు కనిపిస్తారు. తెల్లవారి లేచి, ఇవాళ తప్పించుకుంటే చాలు, రేపటి సంగతి రేపు అనుకుంటాం."

అక్క ఆమెను వింతగా చూసింది. "అచ్చం నా కడుపులోకి దూరి చూసినట్టు చెప్పారే!"

"ఇరవై ఏళ్ళు మంచాల పక్కన నిలబడ్డాను. ఆమాత్రం తెలియదా?"

"మీకు వేసేశారా మరి?"

"ముందు మీ అందరిదీ కానివ్వు. నాదేముంది?"

అక్క కళ్ళు చెమర్చాయి. "అందరికీ పెట్టాకే తినే రకం మీరు," అంటూ చేతులు తుడుచుకుంది. "నా పక్కనే ఉంటానంటే వస్తాను."

సీసా తెరిచారు. అక్క వంతు వచ్చేసరికి ఆమె సిస్టర్ చేతిని గట్టిగా పట్టుకుంది. "అమ్మో, మీ చెయ్యేంటి ఇట్లా చల్లబడింది? సూది నాకు కదా!" అంది. డ్రైవరు పడీపడీ నవ్వాడు.

తర్వాత అరగంట కూర్చోవాలి. ఒకరు దగ్గితే తొమ్మిది తలలు అటు తిరిగాయి. పెద్ద సిస్టర్ కూర్చోలేక గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తూ ఉండిపోయింది. ఇరవై నిమిషాలు. ఇరవై అయిదు. ముప్పై.

ఎవరికీ ఏమీ కాలేదు.

ఆయా లేచి వచ్చి లాండ్రీ అక్కను వాటేసుకుంది. "నువ్వు రాకపోతే నేను ఉత్తినే వెనక్కి పోయేదాన్ని."

"నాదేముందే? అంతా సిస్టరమ్మ చలవ." అక్క సిస్టర్ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "నా పిల్ల పేరు చెప్పి మీకు దణ్ణం పెడతాను."

"వద్దక్కా, నాకు పెట్టకు," అంది సిస్టర్. చేతులు వెనక్కి లాక్కుంది.

వినయమనుకున్నారు అందరూ.

గంట తిరక్కుండానే లాండ్రీ అక్క మళ్ళీ వచ్చింది. ఈసారి వెనకాల బారుగా జనం. ఇస్త్రీ వాళ్ళు, ఊడ్చేవాళ్ళు, గేటు కాపలాదారు, గరిటె పట్టుకునే వచ్చేసిన వంటమనిషి.

"నన్ను చూపించి లాక్కొచ్చాను. ఇదిగో నేను, చావలేదుగా అన్నాను," అంది నవ్వుతూ.

టీకాలు వేసే అమ్మాయి లెక్కపెట్టింది. "తొమ్మిది."

అక్క నవ్వు ఆగిపోయింది. "ఇంకెవరూ లేరమ్మా. వీళ్ళని ఇప్పుడు పంపేస్తే జన్మలో రారు."

"నేనేం చేసేది? పదో పేరు కావాలి."

అప్పటికే వంటమనిషి గుమ్మం వైపు చూస్తున్నాడు. ఆ వెనకే మరొకడు. ఏం చేద్దామన్నట్టు అందరూ పెద్ద సిస్టర్ వైపు తిరిగారు. ఆమె మొహం పాలిపోయింది. చాలాసేపు ఖాళీ కుర్చీనే చూసింది.

తర్వాత రిజిస్టరు తెరిచి, పొద్దున తనే కొట్టేసిన తన పేరును మళ్ళీ రాసింది.