చీటీ మీద ఏముంటే అదే

షాహనా తడిగుడ్డతో డబ్బాలు తుడుస్తూ ఉంది. పోయిన నెల వంటింటి అరలోని పద్నాలుగు స్టీలు డబ్బాలకూ తనే పేర్లు రాసి చీటీలు అంటించింది. ఇప్పుడు చక్కెర డబ్బా మీద చీటీ వంకరగా ఉంది. అంచుల్లో ఎండిపోయిన అన్నం మెతుకులు.

"అమ్మా, ఈ చీటీ ఎవరు పీకినారు?"

"ఎవరూ పీకలా. పక్కింటి మగ్దలీనమ్మకు ఆ డబ్బాలో చక్కెర ఇచ్చినా. ఆమె కడిగి, ఇంకేందో పోసి ఇచ్చింది. డబ్బా ఖాళీగా ఎట్టా తిప్పి పంపిస్తాది? చీటీ ఊడొస్తే నేనే మళ్ళీ మెతుకులతో అంటించినా. లేకుంటే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావు గదా" అంది షంషున్నీసా పొయ్యి దగ్గర్నుంచి.

"ఏం పోసిచ్చింది?"

"తెల్లగా ఉండాది. నేను సరిగ్గా చూడలా."

షాహనా మూత తీయబోయింది. అంతలో గేటు చప్పుడైంది.

వచ్చింది విజయభాస్కర్. చెన్నై ఆఫీసులో ఆమెకు పైఅధికారి. షాహనా వాకాడులో ఇంట్లో కూర్చునే ఆయన కింద పనిచేస్తుంది. రొయ్యల చెరువుల వాళ్ళ కోసం వాళ్ళు తయారుచేసిన ఫోను యాప్ ఈ నెలలో నాలుగుసార్లు ఆగిపోయింది. షాహనా కారణం వెతికి పట్టుకుని, మళ్ళీ అలా కాకుండా ఒక తనిఖీ పెట్టింది. ఆ తనిఖీ దండగ, దానివల్ల యాప్ నత్తనడక నడుస్తోందని ఆయన వాదన. "చెరువులు చూడ్డానికి ఎలాగూ వస్తున్నా. నీ ముందే నా లాప్‌టాప్‌లో దాన్ని తీసేస్తా. ఒప్పుకోకపోతే నువ్వు వేరే పని చూసుకో" అని నిన్న ఫోన్లోనే చెప్పేశాడు.

ఆయన భుజం మీది నల్ల బ్యాగును కుర్చీ పక్కన దించి చెమట తుడుచుకున్నాడు. "బస్సులో కాలు పెట్టే చోటు లేదు. బ్యాగులన్నీ డ్రైవరు పక్కన కుప్ప పోశారు. అయినా కండక్టరు మర్యాదస్తుడమ్మా. నా పేరు ట్యాగు తెగి కింద పడితే, వెతికి మళ్ళీ బ్యాగుకు కట్టి మరీ ఇచ్చాడు. సరే, ఇప్పుడు చెప్పు. ఏంటి నీ భయం?"

షాహనా చేతిలో డబ్బా అలాగే ఉంది. దాన్నే చూపించింది.

"సార్, మన కొత్త ప్రోగ్రాం కోట్లిన్ భాషలో ఉంది. అందులో ఇది 'అంకెల డబ్బా' అని చీటీ రాసి పెడతాం. ఆ డబ్బా పాత జావా ప్రోగ్రాంలోకి పోతుంది. అది మరీ పాతకాలంలో రాసింది. దానికి చీటీలతో పనిలేదు, ఉత్త డబ్బా అంతే. అక్కడ ఎవరేం పోసినా వద్దనదు. డబ్బా తిరిగొచ్చాక మనం మళ్ళీ 'అంకెల డబ్బా' అని చీటీ అంటిస్తాం. లోపల ఏముందో ఎవరూ చూడరు. తీసి వాడబోయినప్పుడు యాప్ ఆగిపోతుంది."

"అంకెలు కాకుండా ఇంకేముంటుంది?"

"చెరువుకు మేత ఎన్ని కిలోలు వేశారో రాయమంటే, ఒకాయన 'రేపు చెప్తా' అని రాసినాడు సార్. అది అట్నే అంకెల డబ్బాలో కూర్చుంది. అందుకే తిరిగొచ్చిన డబ్బాను ఒకసారి మూత తీసి చూస్తున్నా. అంతే."

"ఎవడో ఒకడు అలా రాశాడని అందరి డబ్బాలూ తీసి చూస్తావా? చీటీ ఉన్నది ఎందుకు? నమ్మడానికి!"

షంషున్నీసా టీ తెచ్చింది. "చక్కెర ఎంత వేసుకుంటారో ఏమో, మీరే కలుపుకోండి సారూ" అని కూతురి చేతిలోని డబ్బా అందుకుని ఆయన ముందు పెట్టింది.

షాహనా చెయ్యి అడ్డం పెట్టింది. "సార్, ఆగండి! దాంట్లో ఏముందో నేనింకా చూడలా."

ఆయన చీటీ వైపు వేలు పెట్టి, ఒక్కో అక్షరమూ చంటిపిల్లకు చదివినట్టు చదివాడు. "చక్కె... ర." ఆమె ముఖంలోకే చూస్తూ రెండు చెంచాలు వేసి, కలిపి, ఒక గుక్క తాగాడు.

తల్లీకూతుళ్ళు ఆయన మొహం వంకే చూశారు.

"చక్కెరే!" గ్లాసు ఠక్కున పెట్టి పెద్దగా నవ్వాడు. "చీటీ మీద ఏముంటే లోపల అదే. అయిపోయింది కదా నీ వాదన?"

మగ్దలీనమ్మ చక్కెరకు చక్కెరే పోసి పంపిందని షాహనాకు అప్పుడు తెలిసింది. ఆయన బ్యాగు ఒళ్ళోకి లాక్కుని సర్రున జిప్పు తీశాడు.

లాప్‌టాప్ లేదు. పేపర్లో కట్టిన పొట్లం, చిరుగులోంచి బయటికి తొంగిచూస్తున్న ఎండు చేపలు, నెత్తళ్ళు.

ఆయన ట్యాగు చూశాడు. తన పేరే. లోపలికి చూశాడు. నెత్తళ్ళే.

"అయ్యో, మాకెందుకు సారూ ఇంత శ్రమ!" అంది షంషున్నీసా మొహం చాటంత చేసుకుని. "చెన్నై నుంచి మోసుకొచ్చినారా?"

ఆయన బ్యాగు కుర్చీలో పడేసి, ఫోను చెవికి పెట్టుకుని వాకిట్లోకి ఉరికాడు. "బస్టాండేనా? హలో! కండక్టరు... నల్ల బ్యాగు..." అవతల ఎవరికీ ఏమీ అర్థమవుతున్నట్టు లేదు. "బస్సు తిరుగు ప్రయాణానికి బయల్దేరుతుందా? ఎన్ని నిమిషాల్లో?"

షాహనా బిత్తరపోయి వాకిలివైపే చూస్తూ నిలబడిపోయింది. వెనక వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి.

ఆయన గాలిలా లోపలికొచ్చాడు. జిప్పు వేసి ఉన్న బ్యాగు తీసి భుజానికి తగిలించుకున్నాడు. షాహనా మొహం చూడకుండా, చెప్పుల్లో కాళ్ళు సగమే దూర్చి గేటు దాటిపోయాడు. బ్యాగుకు ఆయన పేరు ట్యాగు చక్కగా ఊగుతూ ఉంది.

షాహనా వంటింట్లోకి తిరిగి చూసింది. చేటలో నెత్తళ్ళు పోసి ఉన్నాయి. పక్కనే గెనుసుగడ్డల గంప సగానికి ఖాళీ అయింది.

"ఏందట్టా చూస్తావు?" అంది షంషున్నీసా. "అంత దూరం నుంచి తెచ్చిన మనిషికి బ్యాగు ఖాళీగా తిప్పి పంపిస్తామా?"