గేటు లోపలి మన్ను

‘మన ప్రాంతంలో ఉద్యోగాలు’ పాఠం అయ్యాక, ఎవరేమవుతారని సరిత టీచర్ అడిగింది.

“బొగ్గు గనిల డంపర్ నడుపుత మేడం” అంది బాలి.

“క్లాస్ ఫస్టొచ్చే పిల్లవు, లారీ నడుపుడేంది? గని ఆఫీసుల ఫ్యాను కింద కూసునే నౌకరీ చెప్పు.”

“ఆఫీసు గేటు బయటున్నది మేడం. నేను లోపలికి పోవాలె.”

“లోపల ఏమున్నదే? గుంతే కద!”

బాలి కిటికీలోంచి దూరాన గని గేటు లోపల కనిపిస్తున్న మట్టిగుట్ట చూపించింది.

“గని కోసం మా తండాను తవ్విన మన్నంతా ఆడనే పోసిన్రు. తీజ్ పండుగకు ఆ మన్నునే బుట్టల పోసి గోధుమలు మొలకేసేటోళ్లం. తండా పోయి, గనోళ్లిచ్చిన కాలనీకి వచ్చినంక బుట్ట ఖాళీగనే ఉన్నది.”

టీచర్ గొంతు తగ్గింది. “తీజ్‌కు ఆడపిల్లలంతా కలిసి ఆడుతరు కద. మీ కాలనీల ఎంతమందున్నరే?”

“తండా పోయినంక అందరు తలో ఊరికి పోయిన్రు. నేనొక్కదాన్నే మేడం.”