ఎడమ పక్క ఇనుము

“వాడు రాసినట్లే బిగించు జాకబన్నా. నీ తెలివి ఈడ చూపించొద్దు,” అన్నాడు నారాయణప్ప.

జాకబ్‌కు ఒళ్ళు మండింది. ఉరవకొండ రోడ్డులో ముప్పయ్యేళ్ళుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్‌కు, వేరుశనగ చేను తప్ప ఇంకోటి ఎరగని మనిషి వచ్చి ఇంజిన్ బిగించడం నేర్పుతున్నాడు!

“ఏమప్పా, ఇదేమన్నా ట్రాక్టరా? ఇంజిన్ ముందర లేదు, సీట్ల వెనకాలే ఉండాది. నడుమ సన్న రేకు ఒకటే అడ్డం. ఇంజినును ఆనించే మౌంటింగులు నాలుగూ రబ్బరువైతేనే అదురు లోపలికి రాదు. నీ కొడుకేం రాసినాడు? కుడిపక్క రెండు రబ్బరు, ఎడమపక్క రెండు ఇనుము! ఇనుప దిమ్మెలు పెడితే అదురంతా ఎడమ సీటుకే కొడతాది. ఆడ కూర్చున్నోళ్ళ వెన్ను విరిగిపోతాది.”

“వాడు ఎందుకు రాసినాడో నాకు తెల్దు. రాసినాడు కదా.”

నారాయణప్ప నోటుబుక్కు చేతికిచ్చాడు. కొడుకు ఓబిలేష్ చేతిరాత. ‘ఎడమ పక్క ఇనుము’ అన్న మాట కింద రెండు గీతలు. ఆ రాత చూడగానే జాకబ్ కోపం నీరుగారిపోయింది.

ఓబిలేష్ కామెర్లతో పోయి నెలయింది. ఇంజనీరింగ్ చివరి ఏడాది. రెండేళ్ళు ఈ షెడ్డులోనే పైపులు వెల్డింగ్ చేసి, పాత కారు ఇంజిన్ ఒకటి తెచ్చుకుని, రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తయారుచేశాడు. ఇంజిన్ కూర్చోబెట్టడం ఒక్కటే మిగిలింది. ఆదివారం కాలేజీ లారీ వచ్చి కారును ఎక్కడో పెద్ద ప్రదర్శనకు తీసుకుపోతుంది.

“ఆ లోపల వాళ్ళమ్మను ఒక్కసారి కూర్చోబెట్టల్లన్నా. మొదట అమ్మనే ఎక్కిస్తానని వాడు మాటిచ్చినాడు.”

“సరేలే, పో. రాసినట్లే చేస్తా.”

చేయలేదు. జాకబ్‌కు చెయ్యి రాలేదు. ఒళ్ళు బాగాలేనప్పుడు పిల్లవాడు పొరపాటున రాసి ఉంటాడు. దాన్ని చూసి పదిమంది ఇంజనీర్లు నవ్వితే? పోయినవాణ్ణి నవ్వులపాలు చేస్తానా అనుకున్నాడు. అనంతపురంలో దుకాణాలన్నీ తిరిగి, ఒక్కోదాన్ని బొటనవేలితో నొక్కి చూసి, మెత్తటి రబ్బరు మౌంటింగులు నాలుగు ఏరి తెచ్చాడు. బిగించడానికి మూడు రోజులు పట్టింది. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఎడమ సీటు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టాడు. నీళ్ళు కదల్లేదు.

“నీ తప్పు నేను దిద్దినాలేరా,” అన్నాడు ఖాళీ సీటుతో.

ఆదివారం లారీ వచ్చి షెడ్డు ముందు నిలబడింది. నారాయణప్ప భార్య తిమ్మక్కను వెంటబెట్టుకొచ్చాడు. జాకబ్ ఆమెను చూడడం అదే మొదలు.

“రా అక్కా, కూర్చో,” అన్నాడు.

ఆమె కదల్లేదు. కారునే చూస్తోంది. కడుపుకోతలో ఉన్న మనిషికి మాటలేం తలకెక్కుతాయిలే అనుకున్నాడు. నారాయణప్ప ఆమె భుజం తట్టి ఎడమ సీటు చూపించాక ఎక్కింది. ఎక్కి, ఎవరో ముందే చెప్పి ఉంచినట్లు, వీపు వెనక్కి గట్టిగా ఆనించి, రెండు అరచేతులూ సీటు మీద పరిచి, కళ్ళు మూసుకుంది.

జాకబ్ కుడివైపు కూర్చుని తాళం తిప్పాడు. ఇంజిన్ ఒక్కసారిగా గర్జించింది. పైకప్పు మీది పావురాళ్ళు లేచిపోయాయి. లారీ డ్రైవర్ చౌడప్ప చెవులు మూసుకున్నాడు. నారాయణప్ప తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. సీట్లో మాత్రం అదురు లేదు, బెదురు లేదు. జాకబ్‌కు గుండె నిండిపోయింది.

“ఎట్లుండాది అక్కా?” అని అరిచాడు ఆ హోరులో.

తిమ్మక్క పలకలేదు. చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత మెల్లగా కళ్ళు తెరిచి, మొగుడి వైపు తిరిగి అడిగింది.

“ఏమయ్యా, ఇంగా స్టార్ట్ చేయలేదా?”