కంచె బయటి మనిషి

“దాన్ని లోపల ఇడువాకమ్మా.”

అపర్ణ తల తిప్పి చూసింది.

ప్రొద్దుటూరులో జమ్మలమడుగు దారి పక్కనున్న పార్కు అది. అందులో ఒక మూలకు ఇనుప వల చుట్టి, ఈ మధ్యనే కుక్కలకు కేటాయించారు. ఆ వలకు బయట, తెల్ల నమాజు టోపీ పెట్టుకున్న యాభై అయిదేళ్ల మనిషి చేతులు వెనక్కి కట్టుకొని నిలబడి ఉన్నాడు. అతని వెంట కుక్క లేదు.

అపర్ణ చేతిలోని గొలుసు చివర బెల్లం వణుకుతోంది. ఆ కుక్కకు రంగును బట్టి వచ్చిన పేరది.

లిఫ్టులోకి ఎవరు వచ్చినా మొరగడం, మెట్ల మీద మరో కుక్క కనబడితే ఎగబడడం దానికి అలవాటు. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి ఫణికుమార్ నెల రోజులు గడువిచ్చాడు. ఈలోగా దానికి నలుగురిలో మెలగడం నేర్పాలి. కరిచిందని ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇంటి నుంచి పంపేయాలి. పార్కులో పది కుక్కల మధ్య వదిలితే అదే నేర్చుకుంటుందన్న సలహా కూడా అతనిదే.

“బెదిరిన కుక్కను మందలోకి తోస్తే స్నేహం రాదమ్మా, కోపమొస్తాది. ముందు ఒక్క కుక్కతో, దూరందూరంగా, బయట నడిపీ,” అన్నాడు టోపీ మనిషి.

అపర్ణ హైస్కూల్లో లెక్కల పంతులమ్మ. సోపానాలు లేని జవాబుకు సగం మార్కులు కూడా వేయదు. ఆ టోపీనీ, వెనక్కి కట్టిన ఆ చేతులనూ చూసి మాత్రం ఒక్క సోపానమైనా లేకుండా జవాబు తేల్చేసింది. వీళ్లకు కుక్క గిట్టదు. పార్కు మూయించడానికి సాకు వెతుకుతున్నాడు.

“కుక్కను ముట్టనోనివి, కుక్క సంగతి నీకేం తెల్సప్పా?”

అతను నొచ్చుకున్నట్టు కనిపించలేదు. అందుకు ఆమెకు మరింత ఒళ్లు మండింది.

రెండో రోజూ అతను అక్కడే ఉన్నాడు, అదే మాట చెప్పాడు. ఆమె పార్కు వాచ్‌మన్‌ను పిలిచి అతన్ని పంపేయమంది. కంచె బయట నిలబడేదానికి టిక్కెట్టు లేదు మేడమ్ అని వాచ్‌మన్ నవ్వాడు.

మూడో రోజు ఆమె అతని వైపు చూడనైనా చూడకుండా గేటు తీసి, గొలుసు విప్పింది.

మూడు కుక్కలు ఒక్కసారిగా బెల్లాన్ని చుట్టుముట్టాయి. వాటిలో ఒకటి దూడంత ఉంది. బెల్లం తోక ముడిచి వల మూలకు ఒదిగిపోయింది. అపర్ణ అడుగు ముందుకు వేయబోతే, దూడంత కుక్క యజమాని, బంగారు కొట్టు ఆసామి, వారించాడు.

“ఆడుకుంటాండాయి మేడమ్. రెండు దినాలు కొట్లాడుకుంటే అవే సర్దుకుంటాయి.”

ఆమె ఆగిపోయింది.

బెల్లం పళ్లు బయటపెట్టింది. అంతలో గేటు చప్పుడైంది. బయటి మనిషి పరుగున వచ్చి, పెద్ద కుక్కకూ బెల్లానికీ మధ్య తన ముంజేయి అడ్డం పెట్టాడు. బెల్లం ఆ చేతినే కరిచింది.

అతను చేయి వెనక్కి లాక్కోలేదు, అరవలేదు. అది వదిలేదాకా కదలకుండా కూర్చొని, గొలుసు తగిలించమని అపర్ణకు మెల్లగా చెప్పాడు. మోచేతి దాకా నెత్తురు కారుతోంది.

“దాన్ని తిట్టాకమ్మా. దాని తప్పేం లేదు.”

“మరి నిన్నెవరు రమ్మన్యారు లోపలికి?”

అతను చేతికి తువ్వాలు చుట్టుకొని వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చినా ఆమె కోపం చల్లారలేదు. ఆ మనిషి కావాలనే కరిపించుకున్నాడు. కుక్కకాటు టీకా వేసేటప్పుడు ఆసుపత్రిలో కుక్క యజమాని పేరు అడిగి రాసుకుంటారు. ఆ పేర్ల జాబితా వారానికోసారి మున్సిపాలిటీకి వెళుతుంది, అక్కడి నుంచి నోటీసు అపార్టుమెంటుకు వస్తుంది. ఆపైన బెల్లం వీధిలో ఉంటుంది.

ఆమె కూడా ఊరుకోలేదు. కుక్క లేని మనిషి కుక్కల ఆవరణలో చొరబడి నోరులేని జీవాన్ని రెచ్చగొట్టాడని, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, పోలీసులకు ఫిర్యాదు రాసింది. దాఖలు చేసే ముందు అతను ఏం రాయించాడో చూసుకుంటే ప్రతి మాటకూ జవాబు చెప్పవచ్చు. నాలుగో రోజు ఆ కాగితంతోనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లింది.

టీకాల గదిలో రిజిస్టరు రాసే షాహిస్తా ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్న పిల్ల.

పార్కులో కరిపించుకున్నోడు యాడుంటాడో చెప్పమని అపర్ణ గద్దించింది.

“ఇనాయతుల్లా మామా? వేంపల్లె ఆయన టీచర్. ఈడ చెల్లెలింట్లో ఉన్న్యాడు. సెలవైపోయిందని పొద్దన్నే కువైట్‌కు పాయె. మిగిలిన సూదులు ఆడ ఏయించుకునేదానికి చీటీ రాసిచ్చినా.”

తప్పించుకున్నాడన్నమాట. అపర్ణ పళ్లు కొరికింది.

“ఆడ ఏం ఎలగబెడ్తాడంట?”

“కుక్కలకు పని నేర్పే ఉస్తాదంట టీచర్, ఇరవై రెండేండ్ల నుంచి. ఆయన చేతి నిండా పాత గాట్లే.”

అపర్ణ ఆ కోపం ఎవరి మీదో తనకే తెలియని గొంతుతో, రిజిస్టరు చూపించమంది.

షాహిస్తా పుట తిప్పి, అతని వరుస మీద వేలు పెట్టింది.

కరిచిన కుక్క ఎవరిదన్న గడిలో ఇలా ఉంది: పెంపుడు కుక్క; యజమాని, ఇనాయతుల్లా.