నాలుగుసార్లు లోపలికి

"వెయ్యేళ్ల కిందట ఇంగ్లండులో వీరుడంటే కత్తి పట్టినవాడే," అంటూ ప్రియదర్శిని బోర్డు తుడిచింది. "రాజు కోసం చావాలి, చచ్చాక జనం తన పేరు పాడుకోవాలి. ఆ పేరు కోసమే అంత తెగింపు. మన పొలాల్లో చచ్చిన వీరులకు నిలిపిన రాళ్లు, వీరగల్లులు చూశారుగా, అవీ అంతే. ఈ కాలం వీరుడు వేరు. ముక్కూమొహం తెలియని వాళ్ల కోసం మంటల్లోకి వెళ్తాడు. అలాంటి మనిషినే ఈరోజు మీ ముందుకు తీసుకొచ్చాను."

హిందూపురం డిగ్రీ కాలేజీ తరగతిలో చప్పట్లు మోగాయి. కుర్చీ అంచున కూర్చున్న గౌస్‌సాబ్ లేచి నిలబడ్డాడు. ధర్మవరంలో లగేజీ ఆటో నడుపుతాడు. ప్రియదర్శిని మూడు వారాలు ఫోన్ చేస్తే గానీ రాలేదు.

తెర మీద వీడియో వేశారు. ఆరు నెలల కిందట, పట్టుచీరలకు కుచ్చులు కట్టే షెడ్డు కాలిపోతుంటే రోడ్డవతల నుంచి ఎవరో తీశారు. తర్వాత పాట కలిపారు. గౌస్‌సాబ్ తడి గోనెసంచి కప్పుకుని లోపలికి పోతాడు. ఒక అమ్మాయిని మోసుకొస్తాడు. రోడ్డు మీద పడుకోబెట్టి, అరచేత్తో ఆమె మొహం మీది మసి తుడుస్తాడు. వెంటనే మళ్లీ లోపలికి. అలా నాలుగుసార్లు. నాలుగోసారి వచ్చేసరికి చొక్కా చేతులకు నిప్పంటుకుని ఉంది. వీడియో అంతవరకే.

వెనక బెంచీల నుంచి ఈలలు.

"చేతులు చూపించండి గౌస్‌సాబ్, పిల్లలు చూడాలి."

అతను తటపటాయించి చొక్కా చేతులు పైకి జరిపాడు. చర్మం ముడతలు పడి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఫోన్లు లేచాయి.

"కొంచెం పైకెత్తండి సార్, సరిగా పడలేదు!"

ఎత్తాడు.

మైకు పట్టుకోలేడని ప్రియదర్శినే అతని నోటి దగ్గర పెట్టింది. "రెండు మాటలు చెప్పండి."

"ఏం చెప్పేది మేడమ్. నాకు మాటలు రావు."

"భయం వేయలేదా?"

"ఏసింది. పోవాల్సొచ్చింది, పోయినా."

"చూశారా, ఎంత వినయమో!"

మళ్లీ చప్పట్లు. పెనుకొండ నుంచి వచ్చే సింధూర ముందు వరుసలో లేచింది. "సార్, ఆ పొగలో ఎవరు యాడున్నారో ఎట్ల తెలిసింది?"

"ఏం తెలుస్తాది తల్లీ. అంతా నలుపు, అరుపులు. చేతికి ఎవరు తగిల్తే వాళ్లను పట్టుకొచ్చినా."

"బయటికి తెచ్చినాక మొగం తుడిచినారు కదా సార్. ఆడ మాకందరికీ ఏడుపొచ్చింది. మా అమ్మ స్టేటస్ కూడా అదే పెట్టుకునింది. పరాయి బిడ్డల మీద అంత ప్రేమ ఎట్ల వచ్చింది సార్?"

గౌస్‌సాబ్ ఆ పిల్ల మొహంలోకి చూశాడు.

"చెప్పండి, మా పాఠం ఇదే," అని ప్రియదర్శిని మైకు ఇంకా దగ్గరికి జరిపింది.

"ప్రేమ కాదు తల్లీ," అన్నాడతను. "ఎవరో చూసేకి తుడిచినా. చూసి మళ్లీ పోయినా. నాలుగోసారి వచ్చినంక కప్పు కూలిపోయింది."

"అప్పటికే అందరినీ తెచ్చేశారుగా!" ప్రియదర్శిని పిల్లల వైపు తిరిగి, చప్పట్లు కొట్టమన్నట్టు చెయ్యి ఊపింది.

చప్పట్లు ఆగేదాకా గౌస్‌సాబ్ తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆ నలుగురిలో నా కూతురు లేదు మేడమ్."